పిప్పి కాని పంది వెన్నుమాంసం కోసం నాలుగు ఆదివారాలు

మా ఇంట్లో పంది మాంసం కొత్త కాదు. ఏలూరులో నా చిన్నతనంలో ఆదివారం పూట నాన్న ‘సీమ పంది’ అని బోర్డు రాసి ఉన్న కొట్టు నుంచి తోలూ కొవ్వూ కలిసిన ముక్కలు తెచ్చేవారు. అమ్మ వాటిని పసుపు, ఉప్పు వేసి బాగా ఉడకబెట్టి, ఆ తర్వాత ముక్క తన కొవ్వులోనే వేగి అంచులు ఎర్రబడేదాకా పొయ్యి మీద నుంచి దించేది కాదు. ఎంతసేపు ఉడికితే అంత మెత్తన అన్నది మా వంటింట్లో ఎవరూ నోరు తెరిచి చెప్పనక్కర్లేని సూత్రం. ఆ సూత్రాన్ని నమ్ముకునే, ఉద్యోగరీత్యా అమెరికాలోని అయోవా రాష్ట్రానికి వచ్చి స్థిరపడిన తర్వాత ఒక ఆదివారం పోర్క్ లాయిన్ ముక్కను ఓవెన్‌లో పెట్టి, రెండు గంటల తర్వాత పిప్పిని బయటకు తీశాను.

అయోవాలో మనుషులు 32 లక్షల చిల్లర ఉంటే, పందులు 2 కోట్లకు పైగా ఉంటాయి. అందుచేత ఇక్కడి దుకాణాల్లో మటన్ కోసం వెతుక్కోవాలి కానీ పంది మాంసం కోసం వెతకనక్కర్లేదు. లాయిన్ అంటే వెన్నెముకకు ఇరుపక్కలా భుజం నుంచి తుంటి దాకా సాగే పొడవాటి కండ. ఎముక తీసేసి, పైన ఒక పలుచని కొవ్వు పొరను మాత్రం ఉంచి, దుంగలా చుట్టి అమ్ముతారు. దీనికీ, టెండర్‌లాయిన్ అనే ముక్కకూ పేరులో తప్ప పోలిక లేదు. టెండర్‌లాయిన్ వెన్నెముకకు లోపలి వైపున ఉండే సన్నటి కండ, అర కిలో దాటితే గొప్ప. ఒకదాని సమయం చూసి రెండోదాన్ని ఓవెన్‌లో పెడితే ఏదో ఒకటి పాడవుతుంది. తమాషా ఏమిటంటే, ఇక్కడి హోటళ్లలో పళ్లెం కంటే వెడల్పుగా సాగగొట్టి, పొడి అద్ది నూనెలో వేయించి టెండర్‌లాయిన్ శాండ్‌విచ్ పేరుతో పెట్టేది చాలాచోట్ల లాయిన్ ముక్కే.

మొదటి ఆదివారం నేను చేసిన పని మటన్‌కు చేసే పనే. అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, పెరుగు పట్టించి రాత్రంతా నానబెట్టాను. దాదాపు 1.8 కిలోల ముక్కను 375 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 190 డిగ్రీల సెల్సియస్ వేడిలో పెట్టాను. గంట తర్వాత కోసి చూస్తే నడుమ లేత గులాబి రంగు కనిపించింది. పంది మాంసంలో ఆ రంగు కనిపించిందంటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది, నాకూ అయింది. మరో అరగంట, ఇంకో అరగంట అంటూ పెట్టుకుంటూ పోయాను. చివరికి మా ఆవిడ ఒక ముక్క నోట్లో వేసుకుని, మర్యాదగా నమిలి, ఇంకా నమిలి, మంచినీళ్లు అడిగింది. కోసిన గాటు నుంచి కారిన రసమంతా ట్రేలో మాడి నల్లటి పెచ్చు కట్టి ఉంది. పైన పట్టించిన వెల్లుల్లి మాడి చేదెక్కింది. అల్లం రసం తగిలినంత మేర పైపొర విచిత్రంగా పిండిపిండిగా మారింది. పచ్చి అల్లానికి మాంసాన్ని కరిగించే గుణం ఉంది, ముదురు మేక మాంసానికి అది మేలు చేస్తుంది కానీ ఇలాంటి లేత కండకు రాత్రంతా పట్టిస్తే చేటు చేస్తుంది.

అసలు పొరపాటు మాత్రం మసాలాది కాదు, నా సూత్రానిది. కాలి మాంసం, భుజం మాంసం, మెడ మాంసం ఆ జంతువు బరువు మోసి, నడిచి, మెడ ఎత్తి దించి పనిచేసిన కండలు. వాటి పోగుల మధ్య గట్టి బంధన కణజాలం ఎక్కువగా ఉంటుంది, అది గంటల తరబడి వేడి తగిలితే కరిగి జిగురుగా మారి ముక్కకు మెత్తదనాన్నిస్తుంది. పంది భుజాన్ని 195 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 90 డిగ్రీల సెల్సియస్ దాకా తీసుకెళ్లి పోగులు పోగులుగా విడదీసుకుని తినేది అందుకే. వెన్ను కండ పెద్దగా కష్టపడదు. అందులో కరగడానికి ఆ జిగురు లేదు, కండ మధ్యలో కొవ్వు గీతలూ తక్కువే. కాబట్టి అది పచ్చిగా ఉన్నప్పుడే మెత్తన, వేడి చేసేకొద్దీ గట్టిపడడమే తప్ప తిరిగి మెత్తబడే ఘడియ రాదు. 60 డిగ్రీల సెల్సియస్ దాటాక పోగులు ముడుచుకోవడం ఊపందుకుంటుంది, 70కి చేరువయ్యేసరికి తడిగుడ్డను మెలిపెట్టి పిండినట్లు లోపలి నీళ్లు బయటికి వచ్చేస్తాయి. మటన్ కూరకు ఆరు విజిళ్లు ఎంత న్యాయమో, ఈ ముక్కకు అంత అన్యాయం.

మరి భయం సంగతేమిటి? అమెరికా వ్యవసాయ శాఖ చాలాకాలం పాటు పంది మాంసాన్ని లోపల 160 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉడికించమని చెప్పేది. 2011 మే నెలలో, ఖీమా కొట్టని ముక్కలకు 145 డిగ్రీలు, అంటే 63 డిగ్రీల సెల్సియస్ చేరి, ఆ తర్వాత కనీసం మూడు నిమిషాలు కదపకుండా ఉంచితే చాలునని సవరించింది. ఖీమాకు మాత్రం 160 అలాగే ఉంది, ఎందుకంటే పైన ఉండే సూక్ష్మజీవులు ఖీమాలో అంతటా కలిసిపోతాయి. పంది మాంసం అనగానే పెద్దలు భయపడే ట్రికినెల్లా అనే పురుగు ఈ వేడికి బతకదు. ఇది శాలల్లో పెంచి, తనిఖీ జరిగి వచ్చే ఇక్కడి మాంసం సంగతి. మన ఊళ్లలో వీధుల్లో వదిలేసి తిరిగే పందుల మాంసం విషయంలో నేను ఈ లెక్కను వాడను, దాన్ని ఇప్పటికీ అమ్మ పద్ధతిలో పూర్తిగా ఉడికించే తింటాను. అలాంటి మాంసంలోని తిత్తుల వల్ల కడుపులో బద్దెపురుగు చేరడమూ, దాని గుడ్లు ఎవరి నోట్లోకైనా వెళ్తే మెదడులో తిత్తులు ఏర్పడి మూర్ఛలు రావడమూ కట్టుకథలు కావు.

రెండో ఆదివారానికి ఈ చదువంతా చదివి, కొంచెం ఎక్కువ తెలివి ప్రదర్శించాను. లీటరు నీటికి 60 గ్రాముల ఉప్పు కలిపి అందులో ముక్కను నానబెడితే, ఉప్పు మాంసకృత్తులను కొంత వదులు చేసి అవి ముడుచుకున్నప్పుడు కూడా నీటిని పట్టి ఉంచేలా చేస్తుందని తెలుసుకుని, 12 గంటలు నానబెట్టాను. ముక్క రసంతోనే వచ్చింది, కాదనను. కానీ నోట్లో పెట్టుకుంటే ఉప్పుచేప. రబ్బరులా సాగే గుణం కూడా వచ్చింది. చెత్తబుట్టలో వేసిన కవరును వెతికి తీసి చూస్తే, మూలన చీమ తలంత అక్షరాల్లో ‘12 శాతం వరకు ద్రావణం కలిగి ఉంది’ అని రాసి ఉంది. అంటే ఉప్పునీరూ, ఫాస్ఫేటు లవణమూ సూదులతో ముందే ఎక్కించి అమ్మారన్నమాట. నేను ఉప్పులో ఊరిన దాన్నే మళ్లీ ఉప్పులో ఊరబెట్టాను, పైపెచ్చు మాంసం ధరకు నీళ్లు కూడా కొన్నాను. అప్పటి నుంచి ముక్క రంగు చూసే ముందు కవరు మీది మాటలు చదవడం అలవాటైంది. ద్రావణం అన్న మాట కనిపిస్తే దాన్ని అక్కడే వదిలేస్తాను.

మూడో ఆదివారం ద్రావణం లేని ముక్కను తెచ్చి, ఉప్పునీటి గిన్నెను ఫ్రిజ్‌లో ఇరికించే బాధ లేకుండా పొడి ఉప్పే పట్టించాను. మాంసం గుచ్చి చూసే థర్మామీటర్ కూడా కొన్నాను, ముల్లు తిరిగే చవక రకం. ముల్లు సరిగ్గా 145 చూపగానే తీసి, ఇరవై నిమిషాలు ఉంచి కోశాను. మొదటి వారం కంటే ఎంతో నయమే కానీ ఇంకా పొడిపొడిగానే ఉంది. ఎక్కడ తప్పు జరిగిందో తెలియక, ఒక గ్లాసు నిండా నలిపిన ఐసు పోసి, కొద్దిగా నీళ్లు కలిపి అందులో థర్మామీటర్ ముంచాను. ఐసు నీళ్లలో ఫారన్‌హీట్ లెక్కన 32 చూపవలసిన ముల్లు 26 దగ్గర ఆగింది. అంటే ఓవెన్‌లో అది 145 అన్నప్పుడు మాంసం 151 దగ్గర ఉంది. పైగా బాగా వేడిగా ఉన్న ఓవెన్ నుంచి తీసిన ముక్కలో, బయటి పొరల వేడి లోపలికి పాకుతూ మరో పది డిగ్రీలు పెంచుతుంది. కలిపి చూసుకుంటే నా ముక్క 160 దాటింది. నేను 145 దగ్గర ఆపానని మురిసిపోతున్నప్పుడు అది బల్ల మీద కూర్చుని తన పని తాను చేసుకుపోయింది.

నాలుగో ఆదివారానికి మూడు మార్పులు చేశాను. అంకెలు చూపే, మొనలోనే వేడిని పసిగట్టే థర్మామీటర్ కొని, ముందుగా ఐసు నీళ్లలో సరిచూసుకున్నాను. వండే వేడిని తగ్గించాను. ‘పౌండుకు ఇన్ని నిమిషాలు’ అనే లెక్కను పూర్తిగా మానేశాను. ఈ ముక్క దుంగ ఆకారంలో ఉంటుంది కాబట్టి వేడి పక్కల నుంచి నడుమకు చేరడానికి పట్టే సమయం దాని లావును బట్టి ఉంటుంది, పొడవును బట్టి కాదు. ఒకే లావున్న కిలో ముక్కా, రెండు కిలోల ముక్కా ఇంచుమించు ఒకే సమయానికి అవుతాయి. బరువును బట్టి లెక్కగట్టితే పెద్ద ముక్క మాడడం ఖాయం.

శనివారం సాయంత్రం ముక్క అడుగున మెరుస్తూ కనిపించే తెల్లటి పొరను సన్నటి కత్తితో తీసేశాను. అది ఎంత వండినా కరగదు, పైగా ముడుచుకుని ముక్కను వంకర చేస్తుంది. పైన ఉన్న కొవ్వు పొరను మాత్రం ఉంచి, మాంసానికి తగలకుండా కత్తితో గళ్లుగా గాట్లు పెట్టాను. 1.8 కిలోలకు 25 గ్రాముల ఉప్పు తూచి అంతటా రుద్ది, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచాను. ఉప్పు మొదట నీటిని బయటికి లాగి, ఆ నీటిలోనే కరిగి, తెల్లవారేసరికి మళ్లీ లోపలికి ఇంకిపోతుంది. పైపొర ఆరిపోయి ఉండడం వల్ల తర్వాత త్వరగా ఎర్రబడుతుంది. ఆదివారం ఉదయం మిరియాలు, ధనియాలు, సోంపు దోరగా వేయించి, బరకగా దంచి, కాస్త నూనెతో కలిపి పట్టించాను. వెల్లుల్లిని ఈసారి ముక్క మీద కాకుండా, తొక్కతోనే ఉల్లిపాయ చక్రాలతో పాటు ట్రే అడుగున వేశాను. వాటి మీద తీగల స్టాండు, దాని మీద కొవ్వు పైకి ఉండేలా ముక్క.

ఓవెన్ 250 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 120 సెల్సియస్. గంట దాటాక మొదటిసారి, ముక్క చివరి నుంచి పొడుగునా నడిబొడ్డుకు చేరేలా థర్మామీటర్ గుచ్చి చూశాను, 104. ఆ తర్వాత పావుగంటకొకసారి. గంటా నలభై నిమిషాలకు 130 చూపింది. బయటకు తీసి బల్ల మీద పెట్టి, ఓవెన్‌ను 475 డిగ్రీలకు పెంచాను. అది వేడెక్కేలోగా ముక్క కొంచెం తేరుకుంది. మళ్లీ లోపల పెట్టిన పది నిమిషాల్లో కొవ్వు చిటపటలాడుతూ ముదురు తేనె రంగుకు వచ్చింది. తీసేటప్పటికి నడుమ 141. పావుగంట కదపకుండా ఉంచితే 146 దాకా ఎక్కి అక్కడ నిలిచింది. ఈ పావుగంటే అన్నిటికంటే కష్టమైన ఘట్టం, ఎందుకంటే ఇల్లంతా సోంపు, మిరియాల వాసన నిండి ఉంటుంది, పిల్లలు పళ్లేలు పట్టుకుని నిలబడి ఉంటారు. కానీ వెంటనే కోస్తే వేడికి పలుచగా ఉన్న రసం పలక మీదికి పారిపోతుంది. కాస్త చల్లారితే అది చిక్కబడి పోగుల్లోనే నిలుస్తుంది.

ఆలోగా ట్రేలో మిగిలిన ఉల్లిపాయలను, తొక్క పిండి తీసిన వెల్లుల్లిని, కారిన రసాన్ని చిన్న మూకుట్లో వేసి, అరకప్పు నీళ్లు పోసి మరిగించి, నిమ్మకాయ పిండాను. ముక్కను పోగులకు అడ్డంగా, చిటికెన వేలి మందాన కోశాను. మధ్యలో పాలలో చుక్క కుంకుమ వేసినంత లేత గులాబి రంగు, అంచు నుంచి అంచు దాకా ఒకే తీరు, కత్తి వెంట మెరిసే తడి. మా ఆవిడ ఈసారి మంచినీళ్లు అడగలేదు.

ఆ రోజుల్లో అమ్మ మా దగ్గరే ఉంది. పళ్లెంలోని ముక్కను వెలుతురుకు పట్టి చూసి, “ఒరేయ్, ఇది ఇంకా పచ్చిగా ఉంది నాన్నా” అంది. థర్మామీటర్ చూపించాను, 63 డిగ్రీల సంగతి చెప్పాను, వ్యవసాయ శాఖ మాట చెప్పాను. అన్నీ విని, తన పళ్లెం నా వైపు జరిపింది. నేను మారుమాట్లాడకుండా పెనం పెట్టి, కరివేపాకూ రెండు ఎండుమిరపకాయలూ వేసి, ఆమె ముక్కలను రెండు వైపులా ఎర్రగా వేయించి ఇచ్చాను. అప్పటికే లోపల రసం నిలిచి ఉండడం వల్ల కాబోలు, అలా వేగినా అవి పిప్పి కాలేదు. మరునాడు మిగిలిన ముక్కలను మేము చల్లగానే బ్రెడ్డు మధ్య పెట్టుకుని తిన్నాం, తిరిగి వేడి చేస్తే మళ్లీ మొదటి ఆదివారానికే వెళ్లిపోతాం కాబట్టి. అమ్మ వాటా మాత్రం మరునాడు కూడా పెనం మీదికే వెళ్లింది.