గులాబ్ మనది, షాహీన్ వాళ్ళది అనుకుంటే

"మీ వైపు నుంచి వచ్చిన తుపానే కదా మా సువైక్ ఊరిని ముంచింది" అని ఇక్కడ ఒమన్‌లో మా పనిచోట ఒమనీ సూపర్‌వైజర్ ఒకాయన అన్నారు. మాటవరసకే అన్నారు గానీ, మనసులో గుచ్చుకుంది. విశాఖవాళ్ళకు తుపాను గురించి ఒకరు చెప్పాలా?

ఆయన చెప్పింది మాత్రం నిజమే. 2021 సెప్టెంబర్ 26 రాత్రి కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ తుపాను బలహీనపడి, తెలంగాణ, మరాఠ్వాడా, గుజరాత్ మీదుగా వెళ్ళి అరేబియా సముద్రంలో పడింది. అక్కడ వెచ్చని నీళ్ళు దొరికాయి. సముద్రం పైపొర 26.5 డిగ్రీలు దాటి ఉంటే తుపానుకు మేత దొరికినట్టే. అక్టోబర్ 3 రాత్రి అది షాహీన్‌గా ఒమన్ ఉత్తర తీరాన్ని, సువైక్ ఉన్న బాతినా ఊళ్ళను కొట్టింది. మధ్యలో అల్పపీడనంగా తగ్గిపోయింది కాబట్టి, దేశాలు ముందే ఇచ్చిన పేర్ల జాబితాలో తర్వాతి పేరు పెట్టారు. గులాబ్ పాకిస్తాన్ ఇచ్చిన పేరు, షాహీన్ ఖతార్ ఇచ్చింది. 2014లో మన ఊరిని చిత్తుచేసిన హుద్‌హుద్ పేరు ఇచ్చింది ఈ ఒమనే. ఇక ఎవరి తుపాను ఎవరిదని పంచుకుంటాం?

వాతావరణ మార్పు దేశాల మధ్య తగువులు పెంచుతుందని ఎక్కడ చూసినా రాస్తున్నారు. నీళ్ళ దగ్గర, వలసల దగ్గర అది నిజం. తుపాను హెచ్చరికల దగ్గర మాత్రం ఈ ప్రాంతంలోని 13 దేశాలు ఒకే కేంద్రం మాట వింటాయి. బంగాళాఖాతం, అరేబియా సముద్రాల బులెటిన్ ఢిల్లీలోని మన వాతావరణ శాఖదే. గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటితే పేరు పెడతారు, అప్పటి నుంచి మూడు గంటలకోసారి బులెటిన్. ఇస్లామాబాద్‌లో మన హైకమిషనర్, ఢిల్లీలో వాళ్ళ హైకమిషనర్ లేని 2023లో కూడా బిపర్‌జాయ్ తుపాను బులెటిన్ గుజరాత్‌లోని మాండ్వి నుంచి కరాచీ దాకా తీరాన్ని ఒకే వాక్యంలో చెప్పింది. నాకు ఇందులో గర్వం ఉంది, దాచుకోను.

ఈ ఏర్పాటు ఎక్కడ తెగుతుందో కూడా హుద్‌హుదే చూపించింది. అక్టోబర్ 12న విశాఖలో తీరం దాటాక దాని శేషం రెండు రోజుల్లో నేపాల్‌లో మంచు తుపానైంది. అన్నపూర్ణ దారిలో, తోరంగ్ లా కనుమ చుట్టుపక్కల 40 మందికి పైగా పోయారు. ఆ 13 దేశాల్లో నేపాల్ లేదు. కొండదారిలో నడుస్తున్నవాళ్ళకు హెచ్చరిక చేరనే లేదు.

రెండో తెగుడు మనలాంటి కూలీల దగ్గర. మనూళ్ళో రేవులో పదో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే పెదజాలారిపేటలో అడగకుండానే పడవలు ఒడ్డెక్కుతాయి. ఇక్కడ గాలికంటే 'వాడి' అనే ఎండువాగులో నీళ్ళే ప్రాణం తీస్తాయి. ఎండాకాలమంతా ఎండిపోయి రోడ్డులా కనిపించే వాడి, ఎగువ కొండల్లో వాన కురిస్తే, మన నెత్తిన చినుకు లేకుండానే కార్లను తోసుకుపోతుంది. షాహీన్ రోజు రుసైల్ పారిశ్రామికవాడలో కార్మికుల గదుల మీద కొండ విరిగిపడి ఇద్దరు ఆసియావాళ్ళు చనిపోయారు. ఇక్కడ హెచ్చరిక ముందు అరబిక్‌లో, ఇంగ్లీషులో వస్తుంది. ఫోర్‌మన్ చెబితేనే క్యాంపుకు తెలుస్తుంది.

గాజువాక నుంచి సొహార్, మస్కట్ వచ్చేవాళ్ళు గది చూసుకునేటప్పుడే వెనక కొండవాలు ఉందా, ముందు వాడి ఉందా అడగండి. ఉంటే వేరే చోటు కావాలని పట్టుబట్టండి. మన బులెటిన్‌లో ఉదయం 8:30 అని ఉంటే ఇక్కడ 7 గంటలు, గంటన్నర తీసేయాలి. ఇంట్లోవాళ్ళు ఫోన్లో చెప్పే తీరం దాటే టైముకూ ఇదే లెక్క. పాస్‌పోర్టు కాపీ, చార్జ్ చేసిన ఫోన్, రెండు రోజుల నీళ్ళు పై అంతస్తులో పెట్టుకోండి. వాడిలో నీళ్ళు మోకాలిదాకే ఉన్నాయని డ్రైవర్ బండి దించబోతే, దిగిపోండి.