జామకాయ అన్నందుకు నవ్వారు: నా మొదటి వైన్ కోర్సు

నిన్న సాయంత్రం మెయిల్ వచ్చింది, పాసయ్యాను. డబ్ల్యూఎస్ఈటీ (వైన్ అండ్ స్పిరిట్ ఎడ్యుకేషన్ ట్రస్ట్) లెవల్ 1, అంటే వైన్ గురించి ఓనమాలు నేర్పే కోర్సు. సంతోషంగా ఉంది, ఆ రోజు జరిగినదాని మీద కోపం కూడా ఇంకా తగ్గలేదు. రెండూ వేడి మీద ఉన్నప్పుడే రాసేద్దామని కూర్చున్నాను.

నేను హైదరాబాద్‌లో ఒక హోటల్ రెస్టారెంట్‌లో స్టీవర్డ్‌ని. మాది నల్లగొండ దగ్గర పల్లె, పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆరేళ్ళ నుంచి ఇదే పని, అయినా వైన్ లిస్ట్ పట్టుకుని టేబుల్ దగ్గరికి వెళ్ళాలంటే గుండె దడదడలాడేది. ఎవరైనా "ఇది డ్రైయేనా?" అని అడిగితే వెనక్కి పోయి కెప్టెన్ అన్నని పిలుచుకొచ్చేవాణ్ణి. డ్రై అంటే తీపి లేనిదని, ద్రాక్షరసంలో ఉన్న చక్కెరనంతా ఈస్ట్ తినేసి ఆల్కహాల్‌గా మార్చేస్తే డ్రై అవుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఇంత చిన్న విషయానికి ఆరేళ్ళు భయపడ్డాను.

ఇంట్లో చెప్పడం కొంచెం కష్టమైంది. వైన్ కోర్సు అనగానే నాన్న నేను వైన్స్ పెట్టబోతున్నాననుకున్నారు. మన దగ్గర విస్కీ, బీరు అమ్మే షాపు బోర్డు మీద కూడా వైన్స్ అనే రాసి ఉంటుంది, ఆయన అలా అనుకోవడంలో తప్పేముంది? నోట్లో పోసుకుని ఉమ్మేయడమే నాన్నా, తాగడం కాదు అని చెప్తే, మరి ఉమ్మేసేదానికి అంత డబ్బు ఎందుకురా అన్నారు. ఫీజు కట్టడం, ఐడీ పంపడం, రైలు టికెట్, అన్నీ సులువుగానే అయ్యాయి. సెంటర్ పేరూ ఊరి పేరూ రాయను. వేరే రాష్ట్రం, పెద్ద ఊరు, అంతే.

క్లాసులో పద్నాలుగు మందిమి. ఒక్కొక్కరి ముందు చిన్న గ్లాసులు వరసగా పెట్టారు, నోరు దగ్గర సన్నగా, కింద గుండ్రంగా ఉండేవి. ఒక్కో గ్లాసులో 50 మిల్లీలీటర్లకు మించి పొయ్యరు. మొదట రంగు చూడాలి. గ్లాసుని తెల్లకాగితం మీద వంచి పట్టుకుంటే తెలుస్తుంది. తెల్ల వైన్ వయసు పెరిగేకొద్దీ ముదురు రంగులోకి వెళ్తుంది, ఎర్ర వైన్ రంగు తగ్గి ఇటుక రంగులోకి తిరుగుతుంది. ఇక్కడిదాకా హాయిగా ఉంది.

తర్వాత వాసన. ముందు ఉన్నది సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్షతో చేసిన వైన్. గ్లాసు తిప్పి ముక్కు పెట్టాను. చెప్తే నమ్మరు, మా నానమ్మ పెరడు కళ్ళ ముందుకొచ్చింది. బడి నుంచి వస్తూనే చెట్టెక్కి, ఇంకా పండని దోర జామకాయ కోసి, చొక్కాకి తుడుచుకుని కొరికితే వచ్చే వాసన, పచ్చి ఆకు వాసన కూడా కలిసి, అచ్చం అదే. మేడమ్ గారు అప్పుడే అన్నారు, ఇందులో తప్పు జవాబు అంటూ ఉండదు, మీ ముక్కుకి ఏది తోస్తే అది చెప్పండి అని. వరసగా అడుగుతూ వచ్చారు. ఒకాయన పాషన్ ఫ్రూట్ అన్నాడు, ఒకమ్మాయి గూస్‌బెర్రీ అంది. వెరీ గుడ్, వెరీ గుడ్. నా వంతు వచ్చింది.

"జామకాయ మేడమ్. పండు కాదు, దోర కాయ."

ఆవిడ ఒక్క క్షణం ఆగి నవ్వారు. "మీరింకా పండ్ల బండి దగ్గరే ఉన్నారు. కార్డులో ఉన్న మాటలు వాడండి" అన్నారు. వెనక ఇద్దరు నవ్వారు. మాకిచ్చిన కార్డు మీద ఉష్ణదేశపు పండ్ల వరసలో లిచీ, అనాస, మామిడి, పాషన్ ఫ్రూట్ ఉన్నాయి, జామ లేదు. నా కాగితం మీద జామ అని రాసినదాన్ని కొట్టేసి పాషన్ ఫ్రూట్ అని రాశాను. నేను జన్మలో పాషన్ ఫ్రూట్ తినలేదు. తినని పండు వాసన వచ్చిందని నా చేత్తో నేను రాసుకున్నాను, ఆ కొట్టివేత ఇప్పటికీ ఆ కాగితం మీద అలాగే ఉంది.

అసలు నష్టం మధ్యాహ్నం జరిగింది. ఎర్ర వైన్‌లు వచ్చాయి, టానిన్ అంటే ఏమిటో చెప్పాలి. ద్రాక్ష తోలులో, గింజల్లో ఉండే పదార్థం అది, ఎర్ర వైన్‌ని తోలుతో కలిపి పులియబెడతారు కాబట్టి అందులోకి దిగుతుంది. నోట్లో ఏం తెలుస్తోందని మేడమ్ అడిగితే ఒకరు చేదు అన్నారు, ఇంకొకరు పులుపు అన్నారు, మరొకరు గరుకు అన్నారు. ఆవిడ కాదు కాదు అంటూ పది నిమిషాలు తంటాలు పడ్డారు, చిగుళ్ళు చూపించారు, టీ అన్నారు, ఇసుక కాగితం అన్నారు. నాకు మొదటి చుక్కకే తెలిసిపోయింది. వగరు! ఉగాది పచ్చడిలో మామిడి పిందె వేసేది దేనికి? అరటికాయ కోస్తే చేతికి పట్టేది, నేరేడు పళ్ళు తిన్నాక నాలుక మొద్దుబారేది అదే కదా. చేదు వేరు, వగరు వేరు అని మన ఇళ్ళల్లో ఐదేళ్ళ పిల్లాడికి కూడా తెలుసు, ఆరు రుచుల్లో దానికి విడిగా చోటిచ్చి పేరు పెట్టుకున్న భాష మనది. ఆ గదిలో ఆ విషయం నా అంత బాగా తెలిసినవాళ్ళు ఎవరూ లేరని గర్వంగానే చెప్తున్నాను. కానీ నోరు విప్పలేదు. పొద్దున నవ్విన నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. తర్వాత గ్లాసులో ఉన్న షిరాజ్ అనే ఎర్ర వైన్‌లో మిరియాల చారు వాసన గుప్పుమంది, అదీ చెప్పలేదు.

నేర్పే స్థానంలో ఉన్నవాళ్ళకి ఒక మాట. తెలియక వచ్చినవాడు మొదటిసారి నోరు తెరిచినప్పుడు మీరు నవ్వితే, వాడు ఆ పూటంతా ఇంకేం చెప్పడు. తెలిసింది కూడా దాచుకుంటాడు.

ఆ రోజులో నాకు బాగా నచ్చింది తిండితో కలిపి రుచి చూడటం. వగరు ఎర్ర వైన్ ఒక గుక్క, నాలుక మీద నిమ్మరసం చుక్క, చిటికెడు ఉప్పు, మళ్ళీ అదే వైన్ ఇంకో గుక్క. వైన్ మెత్తబడిపోయింది, వేరే సీసాలోంచి పోసినట్టుంది. తీపి తిన్నాక డ్రై వైన్ తాగితే పుల్లగా, పలచగా అయిపోతుంది, అందుకే గులాబ్ జామూన్ టేబుల్ మీదికి వచ్చాక డ్రై వైన్ పొయ్యకూడదు. కారం తిన్నాక ఆల్కహాల్ ఎక్కువున్న వైన్ తాగితే గొంతులో మంట రెట్టింపవుతుంది. ఇన్నాళ్ళూ మా దగ్గర నాటుకోడి పులుసు తినేవాళ్ళకి 14.5 శాతం ఎర్ర వైన్ పోస్తూ వచ్చాం, పాపం. కారానికి ఆల్కహాల్ తక్కువుండి, కాస్త తీపి ఉన్న చల్లటి తెల్ల వైన్ నయం.

పరీక్షలో వాసన చూసే పని లేదు. 30 ప్రశ్నలు, 45 నిమిషాలు, 70 శాతం వస్తే పాస్. టెన్షన్ పడాల్సిన పరీక్ష కాదు, పుస్తకం రెండుసార్లు చదివితే చాలు.

తిరుగు ప్రయాణంలో నిద్ర పట్టక ఫోన్‌లో వెతికాను. సావిన్యాన్ బ్లాంక్‌కి ఆ వాసన తెచ్చేవి థయాల్స్ అనే గంధకపు సమ్మేళనాలట, పాషన్ ఫ్రూట్‌లోనూ జామలోనూ ఉండేవి ఆ జాతివే. ఈ వైన్‌కి జామ వాసన అని రాయడం వైన్ లోకంలో మామూలు విషయం. షిరాజ్‌లో మిరియాల వాసనకి కారణం రోటండోన్, మిరియాల్లో ఉండేది కూడా అదే, 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు కనిపెట్టారు, ఐదుగురిలో ఒకరికి ఆ వాసన తెలియనే తెలియదట. ఒళ్ళో ఫోన్ పెట్టుకుని తెల్లారేదాకా అలాగే కూర్చున్నాను.

మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పేది ఇదీ. వాసనల సీసాల పెట్టెలు అమ్ముతారు, బోలెడు డబ్బు, కొనకండి. కూరగాయల మార్కెట్‌కి వెళ్ళి ప్రతిదీ ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి, ఇంట్లో పోపుల పెట్టె తెరవండి. లవంగం వాసన తెలిస్తే ఓక్ చెక్క పీపాలో ఉంచిన ఎర్ర వైన్‌ని సగం పట్టేస్తారు. పులుపు ఎంతుందో తెలియాలంటే గుక్క మింగాక తల కొంచెం వంచి చూడండి, నోట్లో నీళ్ళు ఎంత ఊరితే అంత పులుపు. నోరు ఎండుకుపోతే వగరు. గొంతులో వెచ్చగా దిగితే ఆల్కహాల్. బాడీ అంటారే, అది నీళ్ళ పాలకీ బర్రె పాలకీ ఉన్న తేడా లాంటిది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా వల్ల సీసా పాడైనట్టు, మొహమాటపడకుండా వెనక్కి పంపండి, మేం మార్చి ఇస్తాం. గ్లాసు గోడల మీంచి జారే చారలు చూసి గొప్ప వైన్ అనేవాళ్ళ మాట వినొద్దు, అవి ఆల్కహాల్, చక్కెర ఎంతున్నాయో చెప్తాయి తప్ప నాణ్యత చెప్పవు. ఎర్ర వైన్ గది ఉష్ణోగ్రతలో అని పుస్తకాల్లో ఉంటుంది, అది చలిదేశపు గది, 15 నుంచి 18 డిగ్రీలు. మన మే నెల గదిలో పెట్టింది తాగితే ఆల్కహాల్ వాసన తప్ప ఇంకేం రాదు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తియ్యండి. ఉమ్మడానికి సిగ్గుపడొద్దు, ఉమ్మినా సరే బండి నడపొద్దు.

మొన్న మా టేబుల్ దగ్గరికి ఒక పెద్దాయన భార్యతో వచ్చారు. వైన్ ఎప్పుడూ తాగలేదు బాబూ, ఒక గ్లాసు తీసుకుందామని ఉంది, ఏది ఎలా ఉంటుందో చెప్పు అన్నారు. సావిన్యాన్ బ్లాంక్ పోసి, "దోర జామకాయ వాసన వస్తుంది సార్, చూడండి" అన్నాను. ఆయన గ్లాసులో ముక్కు పెట్టి చాలాసేపు తియ్యలేదు. తర్వాత గ్లాసు భార్య వైపు జరిపి, "నువ్వు చూడు, మన ఊళ్ళో బావి దగ్గరి చెట్టు" అన్నారు. ఆవిడ తాగలేదు గానీ వాసన చూసి తల ఊపారు.

లెవల్ 2కి డబ్బులు కూడబెడుతున్నాను, అందులో 50 ప్రశ్నలు. ఆ సెంటర్‌కి మాత్రం వెళ్ళను.