నాన్న మాత్రల డబ్బా

నాన్న సిగరెట్లు మానలేదు. "వయసు కనిపించదటరా" అంటూ యాంటీఆక్సిడెంట్ మాత్రలు మాత్రం మొదలుపెట్టారు. డబ్బా మీద బీటా కెరోటిన్ (క్యారెట్‌కు ఆ రంగునిచ్చే పదార్థం) అని చూసి గుండె ఝల్లుమంది.

ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు 29 వేల మందికి పైగా పాల్గొన్న పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం ఎక్కువ కనిపించింది! అమెరికాలో ఇలాంటి పరీక్షనే 1996లో మధ్యలో ఆపేశారు.

ఒంట్లో కణాలను దెబ్బతీసే చురుకైన అణువులు, అంటే ఫ్రీ రాడికల్స్ వల్లే ముసలితనం వస్తుందని అమెరికా శాస్త్రవేత్త డెన్హామ్ హార్మన్ 1956లో అన్నారు. యాంటీఆక్సిడెంట్లు అణిచేది వీటినే. కానీ క్రిములను చంపడానికి మన తెల్లరక్తకణాలు వాడేదీ వాటినే. సరిగ్గా తినేవాళ్లకు ఈ మాత్రలు ముసలితనాన్ని ఆపుతాయనడానికి నికరమైన ఆధారం లేదు.

"క్యారెట్, మునగాకు, ఉసిరి హాయిగా తినండి నాన్నా, ఈ డబ్బా వద్దు" అన్నాను. ఇచ్చేశారు. సిగరెట్ల గురించి రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం.