ఎన్నికల గుర్తు వచ్చాక మిగిలింది వారమే: గ్రేటర్ ఎన్నికల్లో నా అనుభవం

కార్పొరేటర్‌గా పోటీ చేయాలంటే 21 ఏళ్లు నిండి ఉండాలి, గ్రేటర్ హైదరాబాద్ ఓటర్ల జాబితాలో పేరుండాలి. ఈ రెండూ నాకున్నాయి. పార్టీ లేదు, డబ్బు లేదు. 2020 అక్టోబరు వరదల్లో మా బస్తీలో నాలా వెంట ఉన్న ఇళ్లు మునిగాయి. తర్వాత పదివేల రూపాయల సాయం కోసం ఆడవాళ్లు మీసేవ కేంద్రాల ముందు లైన్లు కట్టారు. వాళ్లకు ఫారాలు నింపిపెడుతూ నేనూ అక్కడే ఉన్నాను. నాలాకు గోడ కట్టమని ఏళ్ల తరబడి అడుగుతున్నామని ఒక్కొక్కరూ చెబుతుంటే, ఈసారి మనలోంచే ఒకరు నిలబడదాం అన్న మాట ఆ లైన్లలోనే పుట్టింది. చదువుకున్నదాన్ని కాబట్టి అందరూ నావైపు చూశారు. నేను సరేనన్నాను.

నవంబరు 17న నోటిఫికేషన్ వచ్చింది. నామినేషన్లకు ఇచ్చింది మూడు రోజులే, 18 నుంచి 20 వరకు. నన్ను ప్రతిపాదించే మనిషి మా డివిజన్ ఓటరే కావాలి. డిపాజిట్ 5,000 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 2,500. నాకు కులం సర్టిఫికెట్ ఉంది కాబట్టి సగంతో సరిపోయింది. అసలు పని అఫిడవిట్‌ది. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అన్నీ రాయాలి. ఏ గడీ ఖాళీగా వదలకూడదు, ఏమీ లేకపోతే 'లేవు' అనైనా రాయాలి. అమ్మ డ్వాక్రా అప్పు, నా ఫీజు బాకీ కూడా గుర్తు చేసుకుని లెక్క తేల్చుకున్నాం. కొత్తగా నిలబడేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే: ప్రచారం సంగతి తర్వాత, ముందు కాగితాలు తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి.

21న పరిశీలనలో నా నామినేషన్ నిలిచింది. ఆ రాత్రే మా ఇంటికి నలుగురు పెద్దమనుషులొచ్చారు. బెదిరించలేదు, చాలా ప్రేమగా మాట్లాడారు. "చిన్నపిల్లవు బిడ్డా, నీకెందుకీ లొల్లి? వాపసు తీసుకో, నీ నౌకరీ సంగతి మేం చూస్తం" అన్నారు. నాన్న ఏమీ అనకుండా నావైపు చూశాడు. "ఉంటనన్నా, ఆడవాళ్లకు మాటిచ్చిన" అన్నాను. ఇంకాసేపు కూర్చుని వెళ్లిపోయారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు. మర్నాడు ఉపసంహరణ గడువు దాటేదాకా టెన్షన్ తగ్గలేదు.

గుర్తు చేతికొచ్చింది ఆ 22వ తేదీనే. ప్రచారం 29 సాయంత్రం ఆగిపోవాలి. పార్టీల గుర్తులు పసిపిల్లలకు కూడా తెలుసు. స్వతంత్రులం మాత్రం ఆ వారంలోనే మా మొహం, మా పేరు, మా గుర్తు మూడూ జనం మనసులో నాటాలి. స్వతంత్రులకు ఇంతకు మించిన అడ్డంకి నాకు కనిపించలేదు, ఈ అన్యాయం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కూడా. ప్రెస్సులన్నీ పెద్ద పార్టీల పనితో నిండిపోయి ఉన్నాయి. తెలిసినాయన ఒకరు రాత్రిపూట మా కరపత్రాలు వేసిపెట్టాడు. ఖర్చు పరిమితి 5 లక్షలు అంటే మా వాళ్లు ఆశ్చర్యపోయారు, అందులో పదో వంతు కూడా మా దగ్గర లేదు.

అందుకే ఓటర్ల జాబితానే పట్టుకున్నాం. ఇంటి నంబర్ల వారీగా గల్లీలు పంచుకుని, మాస్కులు పెట్టుకుని తిరిగాం. జాబితాలో ఉన్నవాళ్లు ఇళ్లు మారి ఎటో వెళ్లిపోయారు, ఇళ్లలో ఉన్నవాళ్ల పేర్లు జాబితాలో లేవు. నా గుర్తు వంటింటి వస్తువు కావడం మేలు చేసింది. "గిది మనింట్ల ఉన్నదే కదా" అని ఒకావిడ లోపల్నుంచి తెచ్చి పక్కింటివాళ్లకు చూపించింది. ఆమెకు నేను డబ్బు ఇవ్వలేదు, చాయ్ కూడా ఆమే పోసింది. అపార్ట్‌మెంట్లలో మాత్రం వాచ్‌మన్ దాటి లోపలికి వెళ్లడమే కష్టమైంది.

డిసెంబరు 1 పోలింగ్. ముందు శని, ఆదివారాలు, సోమవారం కార్తీక పౌర్ణమి, వరసగా సెలవులు. కరోనాతో ఊళ్లకు వెళ్లిపోయిన ఐటీ ఉద్యోగులు చాలామంది తిరిగి రానేలేదు. నగరం మొత్తం మీద ఓటేసింది 46 శాతం చిల్లరే. పోటీలో ఉన్నది 150 డివిజన్లలో 1,122 మంది. బూత్ ఏజెంట్లను కూర్చోబెట్టడం పార్టీలకు చిన్న పని. మేం మాత్రం కాలేజీ పిల్లల్ని, రిటైరైన ఒక టీచరమ్మను బతిమాలుకున్నాం. ఆ టీచరమ్మ పొద్దున ఖాళీ పెట్టె చూపించి సీలు వేసిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా కుర్చీ వదల్లేదు.

ఈవీఎంలు కావు, బ్యాలెట్ పేపర్లు. కాబట్టి 4న కౌంటింగ్ చాలా నెమ్మదిగా సాగింది. ముందు పాతికేసి కట్టలు కట్టి, తర్వాత లెక్కపెడతారు. ఓటేయడానికి ఇచ్చే స్వస్తిక్ ముద్ర కాకుండా వేరే ముద్ర ఉన్న ఓట్లను కూడా లెక్కలోకి తీసుకోవచ్చని ముందురోజు రాత్రి ఎన్నికల సంఘం సర్క్యులర్ ఇచ్చింది, ఉదయాన్నే హైకోర్టు దాన్ని నిలిపివేసింది. ఏ ఓటు చెల్లుతుందో, ఏది చెల్లదో కళ్లప్పగించి చూస్తూ నిలబడ్డాం.

నేను ఓడిపోయాను. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది, నాదీ పోయింది. కానీ పార్టీ, డబ్బు లేని నాకూ ఓట్లు పడ్డాయి. ఆ ఓట్లు లెక్కపెడుతున్నప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ఓడినా లెక్కలు ఇవ్వాల్సిందేనని చాలామందికి తెలియదు. ఫలితాలొచ్చిన 45 రోజుల్లో ఖర్చుల వివరాలు సమర్పించకపోతే మూడేళ్లు పోటీకి అనర్హులవుతారు. కరపత్రాల బిల్లు, ఆటో కిరాయి, మైకు అద్దె, టీల ఖర్చుతో సహా రశీదులన్నీ వరసగా అంటించి, నా చేత్తోనే ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకున్నాను. మళ్లీ నిలబడాలనుకుంటున్నాను.