నా మండపం ఎందుకు బిగుసుకుపోయిందంటే

నా ల్యాప్‌టాప్‌లో ఇప్పుడు 16 జీబీ ర్యామ్ ఉంది. అందులో సగం ఈ పనికి అక్కర్లేదని మొన్న రాత్రి రెండున్నరకి తెలిసింది. నా డబ్బులు ఎలాగూ పోయాయి, ఇంకొకరివైనా మిగులుతాయని రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. కట్టబోయే ఇళ్ళూ షాపులూ ఎలా ఉంటాయో ముందే కంప్యూటర్లో త్రీడీ బొమ్మ చేసి చూపించడం నా పని. అటు పాతపట్నం నుంచి ఇటు గుణుపురం దాకా మేస్త్రీల దగ్గర నా నంబరుంటుంది. గొప్పకి చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్పకే. ఈసారి వచ్చింది కల్యాణ మండపం: వేదిక, స్తంభాలు, భోజనాల హాలు, 450 కుర్చీలు. బ్లెండర్‌లో (త్రీడీ బొమ్మలు చేసే ఫ్రీ సాఫ్ట్‌వేర్) గోడలు లేపినంతసేపూ సాఫీగానే నడిచింది. కుర్చీలు పడ్డాక మొదలైంది గోల. మౌస్ కదిపితే పది సెకన్లకి బొమ్మ తిరుగుతుంది. సేవ్ నొక్కితే తెర తెల్లబడి పైన ‘నాట్ రెస్పాండింగ్’ అని పడుతుంది.

డ్రైవర్లు కొత్తవి వేశాను. ఫ్యానులో దుమ్ము ఊదాను. విండోస్ సెట్టింగుల్లోకి వెళ్ళి, బ్లెండర్ ఇంటెల్ గ్రాఫిక్స్ మీద కాకుండా ఎన్విడియా కార్డు మీద నడిచేలా పెట్టాను. రెండు గ్రాఫిక్సులున్న ల్యాప్‌టాప్ ఉంటే ఇదొక్కటీ మీరూ చూసుకోండి. కాస్త నయమైంది, అంతే.

అప్పుడు చేసిన తెలివితక్కువ పని బరంపురం వెళ్ళడం. అక్కడ ఒక రిపేరు షాపు. కౌంటర్లో కూర్చున్నాయన ల్యాప్‌టాప్ మూత కూడా తెరవలేదు. ‘బ్లెండరా? ఫ్రీగా వచ్చేది అంతే బాబూ, హ్యాంగవుతుంది’ అన్నాడు తెలుగులో. ‘ర్యామ్ వేసి పంపీ, వీడికేం తెలుస్తుంది’ అన్నాడు కుర్రాడితో ఒడియాలో. నేను పదో తరగతి దాకా ఒడియా మీడియం. ఆ మాట అక్కడే అనాల్సింది. అనలేదు. 3,400 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చి బస్సెక్కాను. దారంతా వాడికి చెప్పాల్సిన జవాబులే తయారుచేసుకున్నాను, ఒడియాలో, మంచివి.

అసలు పరువు పోయింది మర్నాడు. ర్యామ్ వేయించాను కదా అనే ధైర్యంతో, మండపం కట్టించే షావుకారుగారింటికి ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళాను. హాల్లో ఆయన, ఆయన తమ్ముడు, విశాఖపట్నం నుంచి వచ్చిన అల్లుడుగారు, నలుగురు పిల్లలు. టీపాయ్ మీద మన ఊళ్ళో కొమ్ముతో చెక్కే కొంగ బొమ్మ ఉంటే దాన్ని పక్కకి జరిపి మరీ ల్యాప్‌టాప్‌కి చోటిచ్చారు. గుమ్మం నుంచి వేదిక వైపు తిప్పాను. స్తంభం సగం దాటి ఆగిపోయింది. నేను క్లిక్ చేశాను. మళ్ళీ చేశాను. తెర తెల్లగా పాలిపోయింది.

ఒక ప్రోగ్రాం ఐదు సెకన్లు ఉలుకూ పలుకూ లేకపోతే విండోస్ ఆ ‘నాట్ రెస్పాండింగ్’ తగిలిస్తుంది. చచ్చిపోయిందని కాదు, పనిలో మునిగుందని కూడా కావచ్చు. టాస్క్ మేనేజర్లో (ఏ ప్రోగ్రాం ఎంత పని చేస్తోందో చూపించే విండోస్ కిటికీ) సీపీయూ కదులుతుంటే చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆ పూట నాకు అంత నిదానం ఎక్కడిది? పదిసార్లు క్లిక్ చేశాను.

‘ఏటి బాబూ, మండపం మబ్బులో కలిసిపోయిందేటి?’ అన్నారు షావుకారుగారు. పిల్లలు కిసుక్కుమన్నారు. అల్లుడుగారు కాఫీ చప్పరిస్తూ ‘మా ఆఫీసులో వీటికి వేరే సాఫ్ట్‌వేర్లు వాడతారులెండి’ అన్నారు. ఏ సాఫ్ట్‌వేరో అడిగితే చెప్పలేకపోయారు. అయినా నవ్వినవాడు ఆయన, చెమట పట్టినవాణ్ణి నేను. పదకొండు నిమిషాలు చూశాం. ఆ పదకొండు నిమిషాలూ కొమ్ము కొంగ నన్నే చూసింది.

ఆ రాత్రి ఫైలు తెరవడమే కష్టమైంది. దానికో ఉపాయం: ఓపెన్ చేసే కిటికీలో ‘లోడ్ యూఐ’ టిక్ తీసేయండి. రెండర్ వ్యూలో, అంటే వెలుగునీడలన్నీ లెక్కకట్టి చూపించే తీరులో, సేవ్ చేసిన ఫైలైతే తెరిచీ తెరవగానే రెండర్‌కి దిగదు. అలా తెరిచి, కలెక్షన్లకి (వస్తువుల్ని విడదీసి పెట్టుకున్న గుంపులు) ఒక్కొక్కదానికీ టిక్ తీస్తూ పోయాను. వేదిక తీశాను, మార్పు లేదు. వంటశాల తీశాను, లేదు. కుర్చీలు తీయగానే మండపం బొంగరంలా తిరిగింది.

ఒక కుర్చీని దగ్గరికి తెచ్చి చూశాను. నెట్లో ఫ్రీగా దొరికిందే. తలకిందులు చేస్తే, సీటు అడుగున నాలుగు మరలు. ఒక్కో మరకీ చుట్టూ తిరిగిన పుర్రి కూడా చెక్కి పెట్టాడు మహానుభావుడు! పెళ్ళికొచ్చినవాడు కుర్చీ కింద దూరి చూస్తాడా? మామూలుగా 8,200 ఫేసులు, అంటే కుర్చీ ఒంటిని అల్లిన చిన్న చిన్న పలకలు. పైన, పలకల్ని ఇంకా ముక్కలు చేసి నునుపు తెచ్చే సబ్‌డివిజన్ మాడిఫయర్ రెండో లెవెల్లో ఉంది. ఒక్కో లెవెల్‌కీ ఫేసులు నాలుగింతలు, అంటే రెండు లెవెళ్ళకి పదహారింతలు: 1,31,200. దాన్ని 450తో హెచ్చేస్తే 5 కోట్ల 90 లక్షల 40 వేలు. నేను షిఫ్ట్+డీతో కాపీలు కొట్టాను కాబట్టి ఏ కుర్చీ పలకలు ఆ కుర్చీకే సొంత ఆస్తి.

షిఫ్ట్+డీ బదులు ఆల్ట్+డీ కొడితే అన్నీ ఒకే మెష్‌ని (ఆ పలకల అల్లికని) పంచుకుంటాయని అందరూ చెప్పేదే. అలాగే మళ్ళీ వేశాను. ఫైలు సైజు చిక్కిపోయింది. తెర మాత్రం మళ్ళీ తెల్లబడింది! ఇక్కడ గంటన్నర పోయింది. టాస్క్ మేనేజర్లో మెమరీ నిండుగా, డిస్కు నూటికి నూరు. సంగతేమిటంటే, పంచుకునేది మాడిఫయర్ పడకముందున్న మెష్‌నే. మాడిఫయర్ ఉంటే బ్లెండర్ ప్రతి కుర్చీకీ విడిగా లెక్క కట్టి విడిగా దాచుకుంటుంది. అన్నదమ్ములకి ఇల్లు ఒకటే, పొయ్యిలు 450. ఈ ముక్క నాకు తగిలిన వీడియోల్లో ఒక్కడూ చెప్పలేదు, సబ్‌స్క్రైబ్ చేయమని మాత్రం మూడేసిసార్లు చెప్పారు.

మరలు డిలీట్ చేశాను. సబ్‌డివిజన్ వ్యూపోర్ట్‌లో (మనం పని చేసుకునే తెర) సున్నా, రెండర్‌కి (ఆఖరి బొమ్మ) ఒకటి పెట్టాను. ఆ ఒక్క కుర్చీనీ ఒక కలెక్షన్లో పెట్టి, మిగిలినవన్నీ దానికి కలెక్షన్ ఇన్‌స్టెన్స్‌లుగా, అంటే ఆ ఒక్కదాని నీడల్లా, పరిచాను. అలా అయితే లెక్క ఒక్కసారే. అప్పుడు టైమ్ చూస్తే రెండున్నర.

గోడల మీద అంటించే బొమ్మల (టెక్స్చర్ల) సంగతి కూడా ఆ ఊపులోనే తేలిపోయింది. 8192 బై 8192 పిక్సెళ్ళ బొమ్మ డిస్కు మీద ఎంత చిన్న ఫైలైనా గ్రాఫిక్స్ కార్డులోకి మామూలుగా విప్పితే 256 ఎంబీ. నేను పన్నెండు పెట్టాను, 4 జీబీ కార్డులో మూడు జీబీ వాటికే. ప్రిఫరెన్సెస్‌లో వ్యూపోర్ట్ కింద టెక్స్చర్లకి లిమిట్ సైజ్ ఉంటుంది, 2048 పెట్టేశాను. రెండు నిమిషాలకోసారి ఠంచనుగా ఆగుతుంటే మాత్రం అది ఆటోసేవ్. ఫైలు తేలికపడితే అదీ సర్దుకుంటుంది, ఆపేయకండి.

నిన్న సాయంత్రం మళ్ళీ షావుకారుగారింటికి వెళ్ళాను. అల్లుడుగారు అప్పటికే రైలెక్కేశారు, అదొక్కటే లోటు. గుమ్మం నుంచి వేదిక దాకా, వేదిక నుంచి భోజనాల హాలు దాకా ఎక్కడా ఆగకుండా తిప్పి చూపించాను. షావుకారుగారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు.

‘మండపం బాగుంది బాబూ. ఆ కుర్చీలు తీసీ. మనం టెంటు హౌసు ప్లాస్టిక్ కుర్చీలే గదా ఏస్తాం.’