మీటరు ఓకే అంది, స్కోపు కాదంది

స్పార్క్ వచ్చింది! నాలుగు సిలిండర్లలోనూ, నీలంగా, గట్టిగా. బండిలో పాత ఇంజిన్ దించడం, వేరేది ఎక్కించడం, గేర్‌బాక్స్ కలపడం సాఫీగానే అయిపోయాయి. నన్ను ఏడిపించింది ఈ స్పార్కే.

సెల్ఫ్ కొడితే ఇంజిన్ హుషారుగా తిరిగేది, స్పార్క్ మాత్రం వచ్చేది కాదు. స్పార్క్ పుట్టించే కాయిల్ పాజిటివ్ దగ్గర కీ ఆన్‌లో 12.5 వోల్టులు, సెల్ఫ్ కొడుతుండగా 10.3. ఇంజిన్ మార్చినప్పుడు ఈ రెండో కొలత తప్పకుండా తీసుకోవాలి. కొన్ని వైర్లలో కీ ఆన్‌లో ఉన్న కరెంటు స్టార్ట్‌కు తిప్పగానే పోతుంది. ఇక్కడ ఆ గొడవ లేదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఇంజిన్ బ్లాక్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య తేడా 0.12 వోల్టులే, అంటే ఎర్త్ కూడా బాగుంది.

స్కానర్‌లో ఆర్‌పీఎం చూశాక దారి దొరికింది. సెల్ఫ్ కొట్టినంతసేపూ 0. మధ్యలో ఒక్కోసారి 40, 90 అని ఎగిరి మళ్లీ 0. క్రాంక్‌షాఫ్ట్ ఏ స్థానంలో ఉందో తెలియకపోతే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) కాయిల్‌ను కదిలించదు. ఆ స్థానం చెప్పే సెన్సర్ రెండు వైర్ల అయస్కాంత రకం, క్రాంక్‌తో తిరిగే పళ్ల చక్రాన్ని చూస్తుంది. రెసిస్టెన్స్ 870 ఓములు, పళ్లకూ దానికీ మధ్య సందు 0.9 మిల్లీమీటర్లు, సెల్ఫ్ కొడుతుంటే 1.4 వోల్టుల ఏసీ. ఈసీయూ కనెక్టర్ దగ్గర కొలిచినా అదే 1.4. మీటరు ప్రకారం ఏ లోపమూ లేదు!

దొంగతనం జరక్కుండా ఇంజిన్‌ను ఆపే ఇమ్మొబిలైజర్ అనుకుందామంటే దాని లైటు మామూలుగానే ఆరిపోతోంది. ఇక నాకు తోచినవి రెండే. ఈసీయూ 60-2 చక్రం (60 పళ్ల చోట్లలో రెండు ఖాళీ) కోసం చూస్తుంటే లోపల 36-1 (36లో ఒకటి ఖాళీ) ఉందా? లేక సెన్సర్ కేబుల్ షీల్డ్ (వైర్ల చుట్టూ ఉండే లోహపు తొడుగు) తెగి స్టార్టర్ నాయిస్ (అక్కర్లేని విద్యుత్ అలజడి) లోపలికొస్తోందా? చాలామంది ఈ దశలో కొత్త సెన్సర్ కొనేస్తారు. నాకు ఆ పద్ధతి అస్సలు నచ్చదు. ఫ్లూక్ మీటరు మంచిదే, కానీ ఇలాంటి చోట చవకైన రెండు ఛానెళ్ల యూఎస్‌బీ స్కోపు (వోల్టేజీ అలను గీసి చూపే పరికరం) దానికంటే ఎక్కువ చెబుతుంది.

స్కోపు పెడితే 58 పల్సులు, తర్వాత ఖాళీ. చక్రం సరైనదే. నాయిస్ కూడా పెద్దగా లేదు. తేడా అల ఆకారంలో ఉంది. ఈ ఈసీయూకు పన్ను దగ్గరికొస్తుంటే వోల్టేజీ పైకి లేవాలి, పన్ను నడిమికి రాగానే సున్నా మీదుగా నిటారుగా కిందికి పడాలి. నాకు కనిపించింది దానికి తలకిందులు. ఈసీయూ చూసే దిగే అంచు పళ్ల మధ్య సందులోకి జరిగిపోయింది, ఖాళీ దగ్గరైతే ఎక్కడో మధ్యలో తేలుతోంది. అందుకే పాపం ఈసీయూకు క్రాంక్ స్థానంతో సింక్ దొరకడం లేదు. ఏసీ వోల్టేజీకి దిక్కుతో పని లేదు కాబట్టి మీటరుకు ఇది ఎప్పటికీ తెలియదు.

ఇంజిన్‌తో వచ్చిన పాత హార్నెస్ (వైర్ల కట్ట) టేపు విప్పితే జాయింట్ కనిపించింది. దాని అవతల సెన్సర్ రెండు వైర్లదీ ఒకటే రంగు, అక్కడే తారుమారయ్యాయి. అటుదిటు, ఇటుదటు మార్చగానే ఆర్‌పీఎం 210 దగ్గర నిలకడగా నిలబడింది, టెస్టర్‌లో స్పార్క్ మెరిసింది. స్పార్క్ చూడాలంటే కాయిల్‌కీ ప్లగ్గుకీ మధ్య పెట్టే ఇన్‌లైన్ టెస్టరే వాడండి. కాయిల్ ఊడదీసి గాల్లో పేల్చితే లోపలి ఇన్సులేషన్, కాయిల్‌ను నడిపే డ్రైవర్ సర్క్యూట్ రెండూ దెబ్బతినొచ్చు.

ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు ఇంకా కలపలేదు. ముందు ఆ జాయింట్‌ను సోల్డర్ చేసి, షీల్డ్‌ను ఈసీయూ వైపు మాత్రమే ఎర్త్ చేయాలి. తర్వాత టైమింగ్ లైటుతో బేస్ టైమింగ్ (స్పార్క్ ఏ క్షణంలో వస్తోందో) చూసి, కొత్త ఎన్‌జీకే ఇరిడియం ప్లగ్గులు వేసి స్టార్ట్ చేస్తా. ఆక్సిజన్ సెన్సర్ వైరు పొట్టిగా ఉంది, దాని సంగతి ఆపైన.