రెండడుగుల అట్టలు, పిట్టగూడు

అయిదో తరగతిలో మేమందరం కలిసి వేసిన చెట్టు బొమ్మ గురించి రాయమని సంచిక సంపాదకులు అడగగానే నాకు ఆ అట్టల అంచులే మొదట కళ్ళముందు మెదిలాయి.

డ్రాయింగు మాస్టారు 16 అంగుళాల పొడవు, 8 అంగుళాల ఎత్తు ఉన్న కాగితం మీద గుబురైన చెట్టును గీసి, దాన్ని 2 అంగుళాల గళ్ళుగా విభజించి, 32 చీటీలుగా కత్తిరించి మాకు తలా ఒకటి పంచారు. అంగుళాన్ని అడుగుగా పెంచి, ఎవరి చీటీలోని బొమ్మను వారు తెల్లరంగు పూసిన రెండడుగుల అట్ట మీద గీయాలి. అన్నీ చేరిస్తే 16 అడుగుల చెట్టు అవుతుందని ఆయన చెప్పారే గాని, అసలు బొమ్మను మాకు చూపించలేదు.

రంగు వేయకముందే పక్కపక్క అట్టలను నేలమీద ఆనించి, గీతలు కలిశాయో లేదో చూసుకోవాలన్నది ఆయన పెట్టిన నియమం. అలా చూసినప్పుడు నా కొమ్మకూ నా స్నేహితురాలి కొమ్మకూ మధ్య నాలుగు వేళ్ళ ఎడం తేలింది. స్కేలు పెట్టి కొలిచాను కాబట్టి నాదే సరైనదని నేను పట్టుబట్టాను. తనకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మాస్టారు తలచుకుంటే రబ్బరుతో నిమిషంలో సరిచేయగలరు. ఆయన మాత్రం "కొమ్మ ఇక్కడ ఎందుకు విరిగిందో మీరిద్దరే తేల్చండి" అని చెప్పి మరో జట్టు దగ్గరికి వెళ్ళిపోయారు. చాలాసేపు ఇద్దరం మాటా పలుకూ లేకుండా కూర్చున్నాక, ఆ సందులో పిట్టగూడు పెడదామని తనే అంది. సగం గూడు నా అట్ట మీద, సగం తన అట్ట మీద గీశాం.

ఇప్పుడు నేను ప్రాథమిక పాఠశాల పిల్లలతో ఇటువంటి ఉమ్మడి బొమ్మలే వేయిస్తున్నాను. గడి మధ్యలో ఎవరి ఇష్టం వారిది; అంచు దగ్గరికి వచ్చేసరికి పక్కవారిని అడగక తప్పదు. అందుకే చిన్న తరగతులతో మడతకాగితం ఆట ముందుగా ఆడిస్తాను. 1925 ప్రాంతంలో పారిస్‌లోని సర్రియలిస్టులు, అంటే కలల్లాంటి వింత ఊహలకు రూపమిచ్చిన కళాకారులు, ఆడుకున్న ఆట అది: ఒకరు తల గీసి కాగితం మడిచేస్తే, దాన్ని చూడకుండా మరొకరు మొండెం, ఇంకొకరు కాళ్ళు గీస్తారు. మెడ గీతలను మడత దాటించి అరంగుళం కిందికి దించమని చెప్పడం నేను మరిచిపోయిన రోజున, మొండెం ఎక్కడ మొదలుపెట్టాలో ఏడేళ్ళ పిల్లలకు పాలుపోలేదు. 1995లో మొదలైన 'కిడ్స్ గెర్నికా' అనే పిల్లల ఉమ్మడి చిత్రాల కార్యక్రమంలోనైతే గళ్ళ ఊసే ఉండనక్కరలేదు. చిత్రకారుడు పికాసో 1937లో వేసిన యుద్ధవ్యతిరేక చిత్రం 'గెర్నికా' అంతటి గుడ్డ మీద, అంటే సుమారు 3.5 మీటర్ల ఎత్తు, 7.8 మీటర్ల వెడల్పున, అనేక దేశాల పిల్లలు శాంతి చిత్రాలు వేశారు. అంత పెద్ద గుడ్డ మీద ఎవరి బొమ్మ ఎక్కడ ఆగాలో పిల్లలు తమలో తామే తేల్చుకోవాలి.

రంగుల సంగతీ చెప్పాలి. ఎవరి ఆకుపచ్చ వారు కలుపుకుంటే ముప్పై రెండు రకాల ఆకుపచ్చలు వస్తాయి, చెట్టుకు అది అందమే. ఆకాశానికి మాత్రం నీలాన్ని ఒకే డబ్బాలో చాలినంత కలిపి ఉంచుకోవాలి. అయిపోయాక మళ్ళీ అదే నీలం తేవడం పెద్దలకే కష్టం.

పిల్లలు ఇంటికి వెళ్ళాక వంకర గీతలను దిద్దాలన్న కోరికను అణచుకోవడం వీటన్నిటికన్నా కష్టం. తొలి ఏడాది నేనొకసారి దిద్దాను. మర్నాడు రెండో తరగతి పిల్లవాడొకడు తన చేప కోసం బొమ్మంతా వెతికి, చివరికి దాని ముందే నిలబడి "ఇది నాది కాదు" అన్నాడు. ఆ తరువాత పిల్లల బొమ్మ మీద నేను కుంచె పెట్టలేదు.

మాస్టారు ఇచ్చిన చీటీని ఇప్పటికీ దాచుకున్నాను. అందులో కొమ్మ తిన్నగా అంచుదాకా సాగిపోతుంది. పిట్టగూడు ఎక్కడా లేదు.